హద్దు తేల్చే చేతికి అనుభవం అక్కర్లేదా? సర్వే, భూరికార్డుల శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సర్వే, సెటిల్‌మెంట్లు, భూరికార్డుల శాఖ కమిషనర్ గారికి, రెవెన్యూ శాఖ ఉన్నతాధికారులకు,



భూమి హద్దును తేల్చే పని ఎవరికి అప్పగించాలి, ఆ వ్యక్తికి ఏ చదువు, ఎంత అనుభవం ఉండాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వం 2019లో ఇచ్చిన జవాబును శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల మేలు కోరేవారెవరూ అంగీకరించలేరు. ఆ ఏడాది గ్రామ సచివాలయాల కోసం దాదాపు 11 వేల గ్రామ సర్వేయరు పోస్టులకు ప్రకటన వెలువడినప్పుడు ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ సర్టిఫికెట్, ఇంటర్ ఒకేషనల్, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్ వంటి చదువులు అర్హతలయ్యాయి గాని, అనుభవజ్ఞుడైన సర్వేయరు పక్కన నిలబడి ఒక్క గట్టునైనా కొలిచి ఉండడం తప్పనిసరి అర్హత కాలేదు. ఆ లోటును అలాగే ఉంచుకుని 2020 డిసెంబరు 21న రాష్ట్రవ్యాప్త రీసర్వే మొదలైంది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, 2022 నాటి భూహక్కుల చట్టం 2024లో రద్దయింది, 2025 జనవరిలో మండలానికో గ్రామం చొప్పున రీసర్వే మళ్లీ పట్టాలెక్కింది. ఇన్ని మార్పుల నడుమ కొలిచేవారి అనుభవం గురించి మాత్రం గట్టి నియమం ఏదీ రాలేదు. రోవరు ఇచ్చాం, డ్రోను ఎగరేశాం, ఇక పొరపాటుకు తావెక్కడిది అన్న ధోరణే దీనికి మూలమైతే, ఆ ధోరణిని నిలదీయడానికే ఈ లేఖ.

తమ శాఖ చేతిలో ఉన్న అధికారం ఎంతటిదో ముందుగా గుర్తు చేయవలసి వస్తున్నది. హద్దుల విషయంలో ఈనాటికీ ఆధారంగా నిలిచిన శాసనం 1923 నాటి సర్వే, హద్దుల చట్టం. అందులోని 13వ సెక్షను ప్రకారం సర్వే పూర్తయినట్లు ప్రకటన వెలువడగానే, ఆ సర్వేలో నమోదైన హద్దులు సరిగ్గా నిర్ణయమైనవేననడానికి తిరుగులేని రుజువు ఏర్పడుతుంది. 14వ సెక్షను కింద మూడేళ్ల లోపు సివిల్ కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకుంటే తప్ప ఆ రుజువును రైతు కదపలేడు. గ్రామ సర్వేయరు ఒక పూటలో తీసిన పాయింట్లు పై అధికారుల సంతకాలతో ఎల్‌పీఎంగా, అంటే ఒక్కొక్క భూఖండానికి ఒక్కొక్క సంఖ్యనిచ్చి గీసే పటంగా మారి, మూడేళ్లు గడిచేసరికి కోర్టు తీర్పుకున్నంత బలాన్ని సంతరించుకుంటాయి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే న్యాయవాదిగా కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఎందుకంటే చదువు ముగించి నేరుగా పీఠమెక్కినవారు ప్రజల ఆస్తి, స్వేచ్ఛల మీద తీర్పులివ్వడం మంచిది కాదని న్యాయవ్యవస్థే అనుభవం మీద గ్రహించింది. హద్దు తగాదాను విని తీర్పు చెప్పే జడ్జికి మూడేళ్ల అనుభవం కావాలి గాని, ఆ తగాదాకు మూలమయ్యే గీతను గీసే సర్వేయరుకు మూడు నెలల అనుభవం కూడా అడగనక్కర్లేదా? ఎంబీబీఎస్ చదివిన విద్యార్థి ఏడాది పాటు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల కింద హౌస్‌సర్జన్‌గా పనిచేయనిదే సొంతంగా వైద్యం చేయడానికి వీల్లేదు. చార్టర్డ్ అకౌంటెంటు కావాలనుకునేవారు రెండేళ్లు ఆర్టికల్‌షిప్, అంటే అనుభవజ్ఞుడి కార్యాలయంలో అభ్యాసం చేయాలి. డ్రోను ఎగరవేసేవారికి సైతం 2021 నాటి డ్రోన్ నిబంధనలు గుర్తింపు పొందిన సంస్థ శిక్షణను, ధ్రువపత్రాన్ని చాలావరకు తప్పనిసరి చేశాయి. గాలిలో యంత్రం నడిపేవాడి విషయంలో ఉన్న జాగ్రత్త నేల మీద హద్దు నాటేవాడి విషయంలో ఎందుకు లేదో తమ శాఖ ప్రజలకు చెప్పగలదా?

ఈ ప్రశ్న రాష్ట్రమంతటికీ వర్తించేదే అయినా ఉద్దానంలో దీని తీవ్రత వేరు. ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస మీదుగా వజ్రపుకొత్తూరు వరకు సాగే ఈ తీరపు నేల కొబ్బరి, జీడి, పనస తోటలతో కప్పుకుని ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోసేశాక మడిగట్లు పైనుంచి గీసినట్లు కనబడతాయి కనుక డ్రోను తీసిన ఫొటో మీద హద్దు గుర్తించడం అక్కడ సాధ్యమే కావచ్చు. ఇక్కడి జీడితోటల్లో కొమ్మలు ఒకదానిలోకొకటి అల్లుకుపోయి నేల మీద గట్టుందో, మొగలిపొదల కంచె ఉందో పైనుంచి చూసే కెమెరాకు అందదు. డ్రోను విఫలమైన చోట రోవరు పనిచేస్తుందని వాదన రావచ్చు. రోవరు అంటే ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటూ, కోర్స్ అని పిలిచే స్థిర కేంద్రాల నుంచి మొబైల్ నెట్‌వర్కు ద్వారా సవరణలు తీసుకుని, తానున్న చోటును కొద్ది సెంటీమీటర్ల తేడాలో చెప్పే పరికరం. ఆకాశం తెరిపిగా ఉన్న చోట దానికి సాటి లేదు. దట్టమైన చెట్టునీడలో మాత్రం కొన్ని ఉపగ్రహాల సంకేతాలు తెగిపోతాయి, కొన్ని మానులకు, ఆకులకు తగిలి పక్కదారిన వస్తాయి. అప్పుడు పరికరం తెర మీద లెక్క స్థిరపడినట్లు చెప్పే ‘ఫిక్స్’ పోయి, లెక్క ఇంకా ఊగిసలాడుతున్నట్లు తెలిపే ‘ఫ్లోట్’ కనబడుతుంది. ఫ్లోట్‌లో తీసిన పాయింటులో అడుగు తేడా ఉండవచ్చు, అంతకు మించీ ఉండవచ్చు. అనుభవమున్న సర్వేయరు ఆ క్షణాన ఆగి, తోట బయట ఆకాశం కనిపించే రెండుచోట్ల గట్టి పాయింట్లు తీసుకుని, అక్కడ టోటల్ స్టేషన్ నిలిపి, అంటే కోణాలను, దూరాలను కాంతికిరణంతో కొలిచే యంత్రాన్ని అమర్చి, అక్కడినుంచి మెట్టుమెట్టుగా తోట లోపలికి కొలతను తీసుకువెళతాడు. అనుభవం లేని యువకుడు, ఆ రోజుకు ఇన్ని ఎకరాలు ముగించాలన్న ఒత్తిడిలో, తెర మీది మాటను పట్టించుకోకుండా బటన్ నొక్కి ముందుకు వెళతాడు. ఈ రెండు పనుల మధ్య తేడాను ఏ రాతపరీక్ష పట్టుకోగలదు?

ఆ తేడా రైతుకు ఎంత ఖరీదు చేస్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. నూరు మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు గల కొబ్బరితోట సుమారు 49 సెంట్లు. ఉద్దానంలో ఒక కుటుంబానికి వాటాగా వచ్చే భూమి ఇంతకన్నా తక్కువ ఉండడం అరుదేమీ కాదు. పొడుగువైపు హద్దు 30 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక అడుగు, పక్కకు జరిగితే పోయేది 30 చదరపు మీటర్లు, సెంటులో ముప్పావు వంతు. కాగితం మీద అది క్షమించదగిన తేడాగా కనిపించవచ్చు. నేల మీద మాత్రం ఆ గట్టు వెంబడి ఎనిమిది మీటర్లకొకటి చొప్పున నాటిన కొబ్బరిచెట్ల వరస ఉంటుంది, అవి పన్నెండు చెట్లు, వాటి మాను మందమే అడుగు దాకా ఉంటుంది. అడుగు జరిగిన గీత పన్నెండు చెట్ల వరసను పొరుగువాడి పాలు చేస్తుంది. ఆ చెట్లను నాటిన చేతులు ఎవరివో ఊరంతటికీ తెలుసు, ఎల్‌పీఎంకు మాత్రం తెలియదు. కాయలు దింపే రోజున రెండిళ్ల మధ్య మొదలయ్యే గొడవకు, పోలీసు స్టేషను మెట్లకు, టెక్కలి, సోంపేట, పలాస కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగే దావాలకు జవాబుదారీ ఎవరు? బటన్ నొక్కిన యువకుడా, అతనికి ఆ పని అప్పగించిన శాఖా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం వద్ద తీరం దాటినప్పుడు తరాలుగా హద్దుకు ఆనవాళ్లుగా నిలిచిన కొబ్బరి, జీడి చెట్లు లెక్కకు మించి కూలాయి. ఈ ఇసుకనేలలో హద్దురాళ్లు కూరుకుపోవడం, ఇసుకమేటల కింద కనుమరుగు కావడం ఏటా జరిగేదే. రాయీ పోయి, చెట్టూ పోయిన చోట హద్దును తిరిగి పట్టుకోవడం సర్వే వృత్తిలోకెల్లా కష్టమైన పని. దానికి ఎఫ్ఎంబీ, అంటే ప్రతి సర్వే నంబరుకు కొలతలతో గీసి ఉంచిన పాత క్షేత్ర కొలతల పుస్తకం, చదవడం రావాలి. అందులో పొలం నడిమి నుంచి పోయే ఆధారరేఖ, ఆ రేఖ నుంచి ఒక్కొక్క మలుపుకు లంబంగా తీసిన ఆఫ్‌సెట్ అనే అడ్డుకొలతలు, వాటిని లింకుల్లో రాసిన అంకెలు ఉంటాయి. అరవై ఆరడుగుల గొలుసులో నూరో వంతు లింకు. ఆ అంకెలను ఇసుకలోకి దింపడానికి ముందు చుట్టుపక్కల మిగిలి ఉన్న రెండు పాతరాళ్లను వెతికి పట్టుకుని, వాటి మధ్య దూరం పుస్తకంలోని అంకెతో సరిపోతున్నదో లేదో చూసుకుని, సరిపోకపోతే రెండింటిలో కదిలిన రాయి ఏదో మూడో రాయి నుంచి కొలిచి తేల్చి, మిగిలిన తేడాను హద్దు పొడవునా దామాషాగా సర్దాలి. రాయి కోసం ఎక్కడ తవ్వాలో, ఏ గట్టు అసలుదో ఏది దున్ని జరిపిందో, ఊళ్లో ఎవరి మాట నమ్మాలో పుస్తకం చెప్పదు. ఈ విద్య మండల సర్వేయర్లుగా, డివిజనల్ ఇన్‌స్పెక్టర్లుగా పనిచేసి రిటైరవుతున్న ఒక తరం చేతుల్లో ఉంది. వారు వెళ్లిపోయేలోగా ఆ విద్యను తర్వాతి తరానికి అందించే ఏర్పాటు ఏమిటని అడిగితే తమ శాఖ ఏం చూపగలదు?

ఈ ప్రాంతపు రికార్డుల స్వభావం మరో చిక్కు. టెక్కలి, మందస వంటి జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసి రైతువారీ విధానంలోకి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి వచ్చాయి. ఎస్టేటు రోజుల్లో అనుభవంలో ఉన్న భూమికి, సెటిల్‌మెంటులో నమోదైన భూమికి మధ్య అక్కడక్కడ మిగిలిన తేడాలు తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి మనవడికి వాటాలుగా సంక్రమించాయి. ఇక్కడ భూమి గీతలు ప్రాణాలు తీసిన చరిత్ర ఉంది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అదే ఏడాది ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవి హక్కుల పోరులో గుడారి రాజమణిపురం వద్ద పోలీసు కాల్పులకు రైతు మహిళ వీరగున్నమ్మ బలయ్యింది. 2010 జులై 14న సోంపేట బీల అనే చిత్తడినేల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా నిలబడినవారి మీద తూటాలు పేలాయి. ఆ నేలలను రికార్డులు ఏమని పిలిచాయి, జనం వాటిని దేనికి వాడుకుంటూ వచ్చారు అన్న తేడా ఆ పోరాటాల్లో ముఖ్యమైన అంశం. వానాకాలంలో నీరు నిలిచే పల్లపు భూమిని ఇక్కడివారు తంపర అంటారు. వానల్లో చెరువులా కనిపించే తంపర వేసవిలో బీడులా కనిపిస్తుంది, ఏ నెలలో చూస్తే ఆ నెల రూపాన్నే ఫొటో పట్టి ఇస్తుంది. ఆ భూమిని పన్నెండు నెలలూ చూసిన సర్వేయరు ఒకలా రాస్తాడు, ఒక్కరోజు చూసినవాడు మరోలా రాస్తాడు. రెండోవాడి రాతే తిరుగులేని రుజువైతే ఆ నష్టం తీర్చేదెవరు?

భూమి యజమాని ఎదుట లేనప్పుడు జరిగే సర్వే గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉద్దానం మగవారిలో ఎందరో విశాఖ, హైదరాబాద్, ముంబయిల్లో, ఓడల మీద, గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. తీరగ్రామాల మత్స్యకారులు వేటకు గుజరాత్ దాకా వెళతారు. చట్టంలోని 9వ సెక్షను రెండో ఉపవిభాగం ప్రకారం హద్దు నిర్ణయమయ్యాక ఇవ్వవలసిన నోటీసు ఇంటికి చేరేసరికి అక్కడ ఉండేది భార్య, వృద్ధులైన తల్లిదండ్రులు. పలు ఇళ్లలో కిడ్నీజబ్బుతో మంచాన పడ్డవారు, వారిని డయాలసిస్ కోసం పలాస ఆసుపత్రికి తిప్పుతున్నవారు ఉంటారు. సరిహద్దు గ్రామాల్లో ఒడియా మాట్లాడే కుటుంబాలకు తెలుగు నోటీసులోని సర్వే భాష అంతుబట్టదు. ఇటువంటి చోట సర్వేయరు చేయవలసిన పనిలో సగం మాట్లాడడం, వినడం, వివరించడం. నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటే చాలనుకునేవాడికి, ఆ ఇంటి ఇల్లాలిని పొలం దాకా పిలిచి, కొత్త గీత పాత గట్టుకు ఎటు పక్కన పడిందో చూపించి, అభ్యంతరముంటే ఎవరికి ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలో తెలియజెప్పేవాడికి మధ్య ఉన్న దూరం చదువుతో వచ్చింది కాదు, పనిలో పెద్దలను చూసి నేర్చుకున్నది. సర్వేయరు అర్హతల్లో ఈ నేర్పుకు చోటెక్కడుంది?

పైగా ఈ ప్రాంతంలో భూమి ఇప్పుడు ప్రాజెక్టుల కిందకు వెళుతున్నది. సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల పరిధిలో విమానాశ్రయం ప్రతిపాదన వచ్చి రైతులు ఆందోళన చేస్తున్నారు. భూసేకరణ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ లేఖ పరిధిలోది కాదు. పరిహారం మాత్రం సెంట్ల లెక్కన, చెట్ల లెక్కన వస్తుంది, ఆ లెక్క సర్వేయరు కాగితంలో ఉంటుంది. హద్దు తేలని ఉమ్మడి ఎల్‌పీఎంలో, అంటే ఇద్దరు ముగ్గురు యజమానుల భూమిని విడదీయకుండా ఒకే సంఖ్య కింద చూపిన పటంలో, ఎవరి చెట్టుకు ఎవరు డబ్బు తీసుకోవాలి?

ఇంత చెప్పాక ఒక అపార్థానికి తావు ఇవ్వకూడదు. పెద్ద డిగ్రీ ఉన్నవారికే హద్దు తేల్చే అధికారం ఇవ్వాలన్నది ఈ లేఖ అభిప్రాయం కాదు. ఐటీఐ చదివి, రెండేళ్లు మంచి సర్వేయరు వెంట గొలుసు పట్టుకుని తిరిగిన పలాస కుర్రాడు, ఒక్క సెమిస్టరులో సర్వే పాఠం చదివి పరీక్ష రాసిన ఇంజనీరింగ్ పట్టభద్రుడికన్నా ఉద్దానం తోటలో ఎక్కువ నమ్మదగినవాడు. ఈ దేశంలో ఆధునిక సర్వే విద్యకు పునాది వేసినవారికి ఈ సంగతి తెలుసు. 1794లో మైకేల్ టాపింగ్ మద్రాసులో ప్రారంభించిన సర్వే పాఠశాల, తర్వాతి రోజుల్లో గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగినది, పిల్లలను చేర్చుకుని లెక్కలతో పాటు క్షేత్రంలో పనిచేయిస్తూ సర్వేయర్లుగా తయారుచేసింది.  ఈనాడు ఆస్ట్రేలియాలో హద్దులు నిర్ణయించే సర్వేయరుగా నమోదు కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ తర్వాత సాధారణంగా రెండేళ్ల వరకు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని చూపాలి. అమెరికాలోని రాష్ట్రాల్లో మొదటి పరీక్ష తర్వాత లైసెన్సున్న సర్వేయరు కింద కొన్నేళ్లు, చాలాచోట్ల నాలుగేళ్లు, పనిచేసి రెండో పరీక్ష రాస్తారు. ఆ దేశాల డిగ్రీ నియమాన్ని యథాతథంగా తెచ్చుకోవలసిన పని లేదు. చదువు ఎంత ఉన్నా లేకున్నా, పెద్దల పర్యవేక్షణలో గడిపిన కాలాన్ని ఎవరూ వదులుకోలేదన్న విషయాన్ని మాత్రం గమనించాలి.

పొరుగున తెలంగాణ 2025లో వేసిన అడుగు కూడా ఇక్కడ పరిశీలించదగినది. భూభారతి చట్టంతో పాటు అక్కడ ప్రైవేటు లైసెన్సుడ్ సర్వేయర్ల వ్యవస్థను పెద్ద ఎత్తున తెచ్చి, గణితంతో ఇంటర్‌లో 60 శాతం మార్కులు లేదా సివిల్ ఐటీఐ, డిప్లొమా, బీటెక్ ఉన్నవారికి మే నెలాఖరు నుంచి 50 పనిదినాల శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, అక్టోబరులో మూడువేల మందికి పైగా లైసెన్సులు అందజేశారు. శిక్షణ, పరీక్ష, క్షేత్ర అభ్యాసం అనే వరుసను పాటించడం మెచ్చుకోదగినదే. కాని ఒక పంటకాలం పూర్తికాని శిక్షణతో ఒక వ్యక్తి మరొకరి ఆస్తికి హద్దు గీయగలడని ఒప్పుకోవడం కష్టం. ఆ లైసెన్సుడ్ సర్వేయరు ప్రైవేటు వ్యక్తి, ఫీజు ఇచ్చే రైతు కోసం కొలుస్తాడు. ఫీజు ఇచ్చినవాడి వైపు గీత ఒరగకుండా కాపాడేది అతని వృత్తిశిక్షణ, దానితో వచ్చే నియమనిష్ఠ మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ సర్వే దరఖాస్తులు పేరుకుపోతున్నాయని, అదే దారి పట్టాలని ఒత్తిడి వస్తే తమ శాఖ ఏ ప్రమాణాన్ని ముందు పెడుతుంది?

సిబ్బంది చాలదు, రెండేళ్ల అభ్యాసం అంటే రీసర్వే ఎప్పటికి పూర్తవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు చెప్పకుండా తప్పుకోకూడదు. ఎఫ్‌లైన్ దరఖాస్తు, అంటే తన భూమి హద్దులు కొలిచి చూపమని రైతు పెట్టుకునే అర్జీ, నెలల తరబడి కదలకపోవడం ఉద్దానంలో అందరికీ తెలిసిన బాధ. అయితే తొందరలో తప్పుగా కొలిచిన భూమిని మళ్లీ కొలవవలసి వచ్చినప్పుడు పని రెట్టింపవుతుంది, పైగా ఈసారి కోర్టు కాగితాలు, రెండిళ్ల పగ అదనం. తొలివిడత రీసర్వే జరిగిన గ్రామాల్లో ప్రభుత్వమే మళ్లీ సభలు పెట్టి అర్జీలు తీసుకోవలసి వచ్చింది. విస్తీర్ణం తగ్గిందని, పేర్లు తారుమారయ్యాయని, ఉమ్మడి ఎల్‌పీఎం వల్ల అమ్ముకోలేకపోతున్నామని రైతులు చెప్పుకున్నవాటిలో ఎన్ని మొదటిరోజే అనుభవజ్ఞుడొకరు పక్కన ఉంటే పుట్టకుండా పోయేవో తమ శాఖ ఎన్నడైనా లెక్క తీసిందా?

గ్రామ సర్వేయర్ల మీద నింద వేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. వారిలో అధిక సంఖ్యాకులు ఇరవైల్లో ఉద్యోగంలో చేరి, ఎర్రటి ఎండలో రోవరు భుజాన వేసుకుని, సచివాలయం అప్పజెప్పే ఇతర పనులు కూడా మోస్తూ, తమకు నేర్పని విద్యలో తప్పు జరిగితే ఊరి కోపాన్నంతా తామే భరిస్తున్నవారు. చేరిన నాటినుంచి వారిలో కష్టపడి పని నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు, వారు రేపటి గురువులు కాగలరు. వారి అనుభవాన్ని గుర్తించే అంచె లేకపోవడమే వారికి జరిగిన అన్యాయం.

కనుక తమ శాఖను కోరేది కష్టసాధ్యమైనది కాదు. హద్దు నిర్ణయించే అధికారాన్ని, ప్రభుత్వోద్యోగికైనా ప్రైవేటు లైసెన్సుదారుకైనా, రెండు అంచెలుగా ఇవ్వాలి. ఐటీఐ మొదలుకొని బీటెక్ వరకు ఏ చదువుతో వచ్చినా తొలి అంచెలోనివారు కొలతలు తీయవచ్చు గాని సొంత సంతకంతో హద్దు ఖరారు చేయకూడదు. అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో కనీసం రెండేళ్లు పనిచేసి, ప్రతి కొలతను తేదీతో, స్థలంతో ఒక దినచర్య పుస్తకంలో రాసి చూపినవారికే రెండో అంచె దక్కాలి. అప్పుడు పెట్టే పరీక్ష గదిలో కాగితం మీద కాకుండా పొలంలో ఉండాలి. ఎఫ్ఎంబీ చేతికిచ్చి పోయిన రాయి చోటును పట్టుకోమనడం, చెట్టునీడలో రోవరు ఫ్లోట్ చూపినప్పుడు ఏం చేస్తాడో చూడడం అందులో భాగం కావాలి. ఉద్దానం వంటి తోటల ప్రాంతంలో, తంపర భూముల్లో, పాత ఎస్టేటు గ్రామాల్లో పనిచేయడానికి అక్కడి అభ్యాసం వేరుగా అవసరమని నియమం పెట్టాలి. రిటైరైన మండల సర్వేయర్లను, ఇన్‌స్పెక్టర్లను గౌరవవేతనంతో గురువులుగా తెచ్చుకుంటే, టెక్కలిలో ఇంజనీరింగ్ కళాశాల, జిల్లాలో పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉండగా శిక్షణకు చోటు కరువు కాదు. లైసెన్సు జీవితకాలపు కానుక కాకుండా అయిదేళ్లకోసారి పని చూసి తిరిగి ఇచ్చేదిగా ఉండాలి. తప్పుగా గీసినట్లు తేలిన హద్దుల వివరం రైతులు చూడగలిగేటట్లు ఉంచాలి. ఇప్పటికే పనిలో ఉన్న గ్రామ సర్వేయర్లకు వారు చేసిన ఏళ్లను అభ్యాసకాలంగా లెక్కగట్టి, క్షేత్రపరీక్ష ఒక్కటి పెట్టి రెండో అంచెలోకి తీసుకోవచ్చు, అందువల్ల రీసర్వే ఒక్కరోజు కూడా ఆగనక్కర్లేదు.

ఈ నియమాలు వచ్చేదాకా ఒక్క పనైనా తక్షణం చేయవలసిందని కమిషనర్ గారికి విన్నపం. పలాస, టెక్కలి డివిజన్లలోని తోట గ్రామాల్లో 13వ సెక్షను ప్రకటన వెలువరించే ముందు, చెట్టునీడలో తీసిన ప్రతి పాయింటును అనుభవజ్ఞుడైన ఇన్‌స్పెక్టరు ఒకరు ఆ తోటలోనే, ఆ యజమాని లేదా ఆ ఇంటివారి సమక్షంలో, మళ్లీ సరిచూసి సంతకం చేయాలని ఉత్తర్వు ఇవ్వండి. ప్రకటన ఒకసారి వెలువడితే ఉద్దానం రైతుకు మిగిలేది మూడేళ్ల గడువు, సివిల్ కోర్టు ఖర్చు మాత్రమే.